తొమ్మిదికి ఆరు

చెప్పుల కొట్టుకి వచ్చిన మనిషి కాలు చూపిస్తాడు గాని ఎత్తు దాచుకుంటాడు. ఈ సంగతి ఒంగోలు బస్టాండు ఎదుట ఇరవై రెండేళ్ళుగా కొట్టు నడుపుతున్న మార్తమ్మకి బాగా తెలుసు. పెళ్ళి కుదిరిన కుర్రాడు వచ్చి, మడమ కాస్త దళసరిగా ఉన్న జత చూపించమంటాడు. ఎందుకో చెప్పడు. పెళ్ళి కుదరాల్సిన పిల్ల వచ్చి, అద్దాల బీరువాలో మెరిసే హీలు చెప్పుల వంక ఒకసారి చూసి, అట్టముక్కలా పల్చగా ఉన్నవి కొనుక్కుని పోతుంది. ఆ పిల్లా చెప్పదు. వాడికి ఎంత తక్కువైందో, ఆ పిల్లకి ఎంత ఎక్కువైందో మార్తమ్మ కూర్చున్న చోటి నుంచే అంగుళాల్లో చెప్పగలదు.

కొట్లో గోడకి "బేరములు లేవు" అని బోర్డుంది. దాని కిందే కూర్చుని ఆమె పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ బేరాలాడుతుంది. ఆ బోర్డుని నమ్మిన మనిషి ఇంతవరకూ ఆ మెట్టెక్కలేదు.

ఊరందరి ఎత్తూ చూసిన మనిషికి ఇంట్లో మాత్రం సరుకు తారుమారైంది. భర్త సామ్యేలు ఆరడుగుల రెండంగుళాల మనిషి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, పిల్లలు బళ్ళో ఉండగానే పోయాడు. మార్తమ్మది అయిదడుగులకి ఒకటి తక్కువ. తండ్రి ఎత్తు కొడుక్కి రావాలి, తల్లి ఎత్తు కూతురికి రావాలి. వచ్చింది మటుకు అటుది ఇటు, ఇటుది అటు. పెద్దది ఎస్తేరు అయిదడుగుల పదకొండు. చిన్నవాడు గిద్యోను అయిదడుగుల నాలుగు. దేవుడు పార్శిళ్ళు సరిగ్గానే కట్టాడని, దించినవాడే గుమ్మాలు మార్చి దించాడని మార్తమ్మ నవ్వుతూ అనేది. నవ్వు పైకి మాత్రమే.

ఎస్తేరుకి పన్నెండేళ్ళప్పుడే ఆమె వంగి నడవడం నేర్పింది. ఫోటోలో మెడ దించమనేది, చర్చిలో చివరి వరసలో కూర్చోమనేది. ఆ పిల్ల చెప్పినట్టే వంగింది గాని, ఇంటర్ అయ్యాక కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఉద్యోగానికి పోటీపడి సంపాదించింది. ఆడపిల్లయినా కాగితాల్లో లైన్‌మనే. నడుముకి బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కేటప్పుడు ఆమె వెన్ను కర్రలా నిటారుగా ఉండేది. మార్తమ్మ ఓసారి ఆటోలోంచి చూసి, ఎవరో మగపిల్లాడనుకుంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

"నేల మీద ఎత్తు చాలక స్తంభం కూడా ఎక్కిందేమిటి మీ అమ్మాయి?" అని చర్చిలో సుగుణమ్మ అడిగితే అందరూ నవ్వారు. మూడు సంబంధాలు వచ్చి మూడూ గుమ్మంలోంచే వెనక్కి పోయాయి. చివరి సంబంధంలో పెళ్ళికొడుకు మేనత్త, మా వాడు తాళి కట్టాలంటే స్టూలు తెచ్చుకోవాలని పిల్ల ఎదుటే అంది. ఎస్తేరు ఆవిడకి టీ కప్పు అందిస్తూ, స్టూలు మా ఇంట్లోనే ఉందండీ అని జవాబు చెప్పింది. ఆ జవాబు ఊరంతా తిరిగింది. నాలుగో సంబంధం రాలేదు.

గిద్యోను బాధ వేరు. వాడికి చిన్నప్పట్నుంచీ పోలీసు ఉద్యోగం మీద ఆశ. పరుగులో మొదట ఉంటాడు, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు, ఎత్తు కొలిచే కర్ర కింద నిలబడేసరికి బయటికి వచ్చేస్తాడు. మగవాళ్ళకి అయిదడుగుల ఆరంగుళాలుండాలి. ఆడవాళ్ళకి అయిదడుగులు చాలు. రెండోసారి వెళ్ళినప్పుడు నడినెత్తిన జుట్టులో గోరింటాకు ముద్ద దట్టించి ఎండబెట్టుకుని వెళ్ళాడు. కొలిచే కానిస్టేబులు కర్రతో గట్టిగా నొక్కితే అది పెళ్ళలు పెళ్ళలుగా రాలి భుజాల మీద పడింది. లైన్లో ఉన్నవాళ్ళందరూ విరగబడి నవ్వారు. వాడు ఇంటికొచ్చి తల కడుక్కోకుండా మూడు రోజులు పడుకున్నాడు.

మార్తమ్మ బుర్రలో లెక్క అప్పుడే పడింది. ఆడపిల్లకి అయిదు చాలన్నచోట అయిదూ పదకొండుంది. మగపిల్లాడికి అయిదూ ఆరు కావాల్సినచోట అయిదూ నాలుగుంది. ఒక గుమ్మంలో సరుకు వృథాగా పడి ఉంది, పక్క గుమ్మంలో లేక ఏడుస్తున్నారు. మధ్యలో ఒక బండి ఉంటే చాలు.

ఆ బండి విశాఖపట్నంలో ఉందని మందుల కంపెనీ కుర్రాడొకడు బూట్లు కొనడానికి వచ్చి చెప్పాడు.

* * *

సముద్రం వైపు కొండ మీద తెల్లటి మేడ. అక్కడి పెద్ద డాక్టరు పేరు రూలొఫ్. హాలెండు దేశస్థుడు, అయిదడుగుల ఏడంగుళాల మనిషి. వాళ్ళ దేశంలో మగవాళ్ళు సామాన్యంగా ఆరడుగులుంటారట. అక్కడ ఈయన్ని ఆడవాళ్ళు చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసేవారట. ఇరవయ్యేళ్ళు ఎముకల్లో తల దూర్చింది ఆ కసితోనే. పని ఒక కొలిక్కి వచ్చాక వాళ్ళ చట్టం మనుషుల మీద చెయ్యనివ్వనంది. ఇక్కడ మనుషులే వరస కట్టారు. పైగా ఇక్కడ విమానం దిగిన రోజునుంచీ ఆయన పొట్టివాడు కాడు. అయిదూ ఏడంటే మంచి ఒడ్డూ పొడుగూ కింద లెక్క. ఈ ముక్క ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఒక టిక్కెట్టుతో అయ్యే పనికి ఇరవయ్యేళ్ళు ఎందుకు తగలేశాడా అని మార్తమ్మ మనసులో అనుకుంది.

ఆయన మాట్లాడితే ఆయన చేతిలో చిన్న యంత్రం దాన్ని తెలుగులో చెప్పేది. వీళ్ళు మాట్లాడితే ఆయన భాషలో చెప్పేది.

ముందుగా రెండు ఎలుకల్ని చూపించాడు. ఒకే కాన్పులో పుట్టిన అన్నాచెల్లెళ్ళు. ఒకదాని వెనక కాళ్ళు బారుగా ఉన్నాయి, రెండోదాని కాళ్ళు పొట్ట కింద కనపడడమే లేదు. ఎముక చివర్లో ఉండే కొన్ని కణాలు తమ పొడవు తాము గుర్తుంచుకుంటాయని, వాటిని తీసి తోడబుట్టినవాళ్ళ ఎముకలో నాటితే ఇచ్చిన కాలు లోపల్లోపలే కుదించుకుపోతుందని, తీసుకున్న కాలు సాగుతుందని యంత్రం చెప్పింది. తోడబుట్టిన రక్తమైతేనే పని జరుగుతుంది. ఒక్కటే సూది. సూదిలో ఎంత అని రాస్తే ఎముక అంత వరకూ పోయి ఆగుతుంది. మధ్యలో ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు.

పొట్టి ఎలుక నీళ్ళ సీసా కోసం మెడ సాచింది. సీసా దానికి అందేలా కిందికి కట్టి ఉంది.

"తొమ్మిది పాళ్ళు తీస్తే ఆరు పాళ్ళు వస్తాయి. మిగతాది దారిలో పోతుంది," అంది యంత్రం.

"తరుగు," అంది మార్తమ్మ. తోలు కోసినా తరుగుంటుంది. ఇంతసేపటి మాటల్లోనూ ఆమెకి పూర్తిగా అర్థమైంది అదొక్కటే.

ఎస్తేరు రెండు రోజులు ఆలోచించుకుంది. సముద్రం ఒడ్డున తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడికి ఎన్ని కావాలో అడిగింది. రెండు చాలన్నాడు వాడు తల దించుకుని. రెండు రావాలంటే మూడు పోవాలి. అయిదూ పదకొండులోంచి మూడు తీస్తే అయిదూ ఎనిమిది. ఆ ఎత్తుతో బెల్టు కట్టుకుని తను స్తంభం ఎక్కగలదు. ఆమె తల్లి దగ్గరికి వచ్చి చెప్పింది.

"మూడే అమ్మా. ఇది నాన్న ఎత్తు. నీ కోసం ఇవ్వడం లేదు, పెళ్ళి కోసం ఇవ్వడం లేదు. వాడు గోరింటాకు పెట్టుకుని వెళ్ళాడని ఇస్తున్నాను."

మార్తమ్మ సరేనంది. అన్నప్పుడు ఆ మాట నిజమే.

మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దర్నీ రక్తం తీయడానికి లోపలికి పంపారు. ఎస్తేరు కాగితాల మీద సంతకాలు పెట్టేసి, అంకె వెయ్యాల్సిన గడి మాత్రం తల్లికి వదిలింది. మూడంటే రెండు, రెండంటే మూడు అని ఆ యంత్రంతో తను తంటాలు పడలేనని, అమ్మ అయితే తూకాల మనిషి కదా అని నవ్వింది.

రూలొఫ్ కలం పట్టుకుని అడిగాడు. యంత్రం పలికింది: "అబ్బాయికి ఎన్ని అంగుళాలు కావాలి?"

మార్తమ్మకి కూతురి మాట గుర్తుంది. రెండు. కానీ కొట్లో ఇరవై రెండేళ్ళు కూర్చున్న నాలుక వేరే ఉంది. రెండు కావాలంటే రెండడిగితే ఒకటిన్నర ఇస్తారు. అదీగాక, రెండొస్తే వాడు కర్ర కింద అంచుకు సరిపోతాడు గాని నలుగురిలో నిలబడితే మళ్ళీ పొట్టివాడే. మూడో నాలుగో వస్తే? పిల్లకీ మంచిదే, అయిదూ అయిదుకి దిగితే ఏ స్టూలూ అక్కర్లేదు. నాలుగు దగ్గర తెగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి ఆలోచించక్కర్లేకుండానే వచ్చింది.

"ఆరు," అంది.

ఆయన అంత ఎందుకమ్మా అంటాడు. పోనీ అయిదు అంటుంది తను. మూడు చాలంటాడు. ఇద్దరూ కలిసి నాలుగు దగ్గర ఆగుతారు. ఇలా ఆగని బేరాన్ని ఆమె చూడలేదు.

రూలొఫ్ ఆరు అని రాశాడు. దాని పక్క గడిలో తొమ్మిది అని రాశాడు. కాగితం మడిచి సహాయకురాలి చేతికిచ్చాడు. ధర ఎంత రాసి ఉంటే అంత ఇచ్చి వచ్చేసే దేశం నుంచి వచ్చాడాయన. ఎదుటి మనిషి చెప్పిన అంకె ఎదుటి మనిషికి కావాల్సిన అంకే అనుకున్నాడు. యంత్రం ఆమె మాటని అటు దాటించింది గాని, ఆ మాట వెనక కూర్చున్న బేరాన్ని దాటించలేదు.

మార్తమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేసి పోయే మనిషి ఏడాదికొకడు కొట్టుకి వస్తాడు. అప్పుడు కొట్టువాడు చేసే పని ఒక్కటే, కిక్కురుమనకుండా జత కట్టి ఇవ్వడం. సూదిలో రాసినంతా పోతుందన్న మాట ఆమెకి గుర్తుకొచ్చింది. అది గోడ మీద బోర్డు లాంటిదనుకుంది. తర్వాత వచ్చి తగ్గించమంటే తగ్గిస్తారనుకుంది. లోపల ఒక మూల, ఆరు అడిగితే ఆరు ఇచ్చాడే, అని సంబరం కూడా వేసింది.

ఆ సంబరాన్ని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

* * *

నాలుగు నెలలు అంతా సవ్యంగానే నడిచింది. గిద్యోను మోకాళ్ళ కింద సలుపుతో టవలు కొరుక్కుంటూ పడుకునేవాడు. పంట్లాముల అంచులు విప్పి కుట్టించాల్సి వచ్చింది. ఎస్తేరుకి నొప్పి లేదు, తిమ్మిరి మాత్రం ఉంది. కాళ్ళు పొట్టివవుతున్నా పాదాలు మునుపటంతే ఉన్నాయి. తొమ్మిదో నంబరు పాదం. చెప్పుల మనిషి కాబట్టి మార్తమ్మ కంటికి అది ముందుగా ఆనింది. చెట్టు నరికినా వేరు అక్కడే ఉన్నట్టుంది. ఆమె చూపు తిప్పుకుంది.

కందుకూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల ముచ్చటగా ఉందన్నారు. అదే పిల్లని అదే మనుషులు ఏడాది కిందట ఫోటోలో చూసి వద్దన్నారు. ఎస్తేరు ఈ పని పూర్తయ్యేదాకా పెళ్ళి ఊసు ఎత్తవద్దంది.

నాలుగో నెలాఖరుకి ఆమె అయిదూ ఎనిమిదికి దిగింది. ఆ రోజు గోడ మీద పెన్సిలుతో గీత గీసి, ఇక్కడికి సరి అని నవ్వింది. గిద్యోను మరో గీత గీశాడు, అయిదూ ఆరు. ఇద్దరూ కలిసి బజారుకెళ్ళి ఐస్‌క్రీము తిని వచ్చారు. మార్తమ్మ ఆ రెండు గీతల వంకా చూస్తూ, కొట్టుకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.

అయిదో నెలలో ఎస్తేరు గీత కింద మరో అంగుళం ఖాళీ కనపడింది. మందు తోక ఇంకా లోపలే ఉంటుందే, అదే సర్దుకుంటుందని తల్లి చెప్పింది. ఆరో నెలలో మరో అంగుళమున్నర. విశాఖకి ప్రయాణం కట్టారు.

అక్కడ కొలతలు తీసే అమ్మాయి పేరు అచోల్. దక్షిణ సూడాను నుంచి చదువుకోవడానికి వచ్చి, రూలొఫ్ దగ్గర పనిలో చేరింది. ఎస్తేరుకంటే రెండంగుళాలు పొడుగు, ఎస్తేరు పొడుగ్గా ఉన్న రోజుల్లో. విశాఖ రైతుబజార్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడేది. మొదటిసారి కొలిచినప్పుడు, ఇంత మంచి ఎత్తు ఎందుకు ఇచ్చేస్తున్నావని అడిగింది. తమ ఊళ్ళో పొడుగుపిల్లకి మగపెళ్ళివాళ్ళు ఎక్కువ ఆవులు తోలుకొస్తారని, నీకైతే వంద రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. ఆవుల్ని ఎక్కడ కట్టెయ్యను, స్తంభానికా అని ఎస్తేరు నవ్వింది. అప్పుడు అచోల్ నవ్వలేదు.

"ఆవులు నీకు రావు. మామయ్యలకి పోతాయి. నన్నూ కొలిచారు. వాళ్ళు కర్రతో కాదు, కళ్ళతో. బాగుందన్నారు. బాగుందన్నాక ఇంక నన్ను ఏమీ అడగలేదు. అందుకే వచ్చేశాను."

ఆ మాటలు అప్పుడు పక్కనే కూర్చున్న మార్తమ్మకి వినోదంగా అనిపించాయి. ఒకచోట తీసెయ్యాల్సిన సరుకు ఇంకోచోట అంత ప్రియం కావడం వ్యాపారంలో మామూలే.

ఈసారి అచోల్ కొలిచి, అయిదూ అయిదున్నర అని చెప్పింది. ఇంకా మూడున్నర ఉంది, అంతా సక్రమంగానే జరుగుతోందంది.

"ఇంకా ఏమిటి?" అంది ఎస్తేరు. "మూడే కదా ఇచ్చింది."

అచోల్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. గడిలో తొమ్మిది ఉంది. పక్కన ఆరు. కింద ఎస్తేరు సంతకం.

గదిలో ఉన్న ముగ్గురూ మార్తమ్మ వంక చూశారు. ఆమె చీర కొంగు సర్దుకుంది. తను నాలుగు దగ్గర ఆపుదామనుకుందని, ఆయన తగ్గిస్తాడనుకుందని, ఆరు అన్నది నిజంగా ఆరని కాదని చెప్పుకుంటూ పోయింది. చెప్పేకొద్దీ తన గొంతు తనకే కొట్లో గొంతులా వినపడుతోంది.

"అమ్మా, నేను రెండే అడిగాను," అన్నాడు గిద్యోను.

రూలొఫ్‌ని పిలిచారు. ఆయన మొహం పాలిపోయింది. కుటుంబం కలిసి నిర్ణయించుకున్నారనే అనుకున్నానన్నాడు. మధ్యలో ఆపే ప్రయత్నం చేస్తే ఎముక పిండైపోతుందని, రాసినంతా పోనివ్వడమే క్షేమమని యంత్రం ఆయన గొంతులోని వణుకు ఏమీ లేకుండా చదివింది. తిరిగి తన దగ్గర్నుంచి తీసి అక్కకి ఇవ్వవచ్చా అని గిద్యోను అడిగాడు. ఇవ్వవచ్చు. అప్పుడూ తరుగుంటుంది. వాడి ఆరూ పోతే ఆమెకి నాలుగొస్తాయి. అదీ రెండేళ్ళు ఆగాక. వాడు మునుపు ఉన్నచోటికి వస్తాడు, ఆమె మునుపు ఉన్నచోటికి రాదు.

"వద్దు," అంది ఎస్తేరు. "మళ్ళీ నన్ను ఎవరూ కొలవొద్దు."

తిరుగు రైల్లో ఆమె కిటికీ వైపు కూర్చుంది. తునిలో ఒకసారి, సామర్లకోటలో ఒకసారి మార్తమ్మ టీ తాగుతావా అని అడిగింది. ఎస్తేరు కాళ్ళు నేలకి ఆనడం లేదని సీటు కింద ఉన్న సంచీ మీద పెట్టుకుంది.

* * *

పదకొండో నెలకి ఎస్తేరు ఎత్తు అయిదూ రెండు దగ్గర ఆగింది. ఎముక ఆగింది గాని, దాని చుట్టూ ఉన్నదానికి ఆ సంగతి తెలీదు. తొమ్మిదంగుళాలు పొడుగ్గా ఉన్న కాలికి సరిపడా కండ, చర్మం ఊరికే వేలాడాయి. మోకాలు తన బరువు తను మొయ్యలేకపోయేది. అంతకుముందే ఏడో నెలలో ఆమె ఎవరి మాటా వినకుండా కొత్తపట్నం రోడ్డులో స్తంభం ఎక్కబోయి, నాలుగడుగుల ఎత్తులో కాళ్ళు పట్టు తప్పి బెల్టుకి వేలాడింది. తోటి లైన్‌మన్ భుజానెత్తుకుని దించాడు. పాపం, చంటిపిల్ల బరువు కూడా లేదండీ అని అతనే కొట్టుకొచ్చి చెప్పాడు. ఆఫీసువాళ్ళు ఆమెని సబ్‌స్టేషన్లో రీడింగులు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ నుంచి గేటు దాకా నడవడానికి ఆమెకి చేతికర్ర కావాలి.

గిద్యోను అయిదూ పది. ఈసారి కర్ర వాడి నెత్తి దగ్గర ఆగలేదు, కానిస్టేబులే తల ఎత్తి చూశాడు. పరుగులో ఇబ్బందిపడి అయినా గట్టెక్కాడు. ఉద్యోగం వచ్చింది. కాగితం అందిన రోజు వాడు దాన్ని అక్క ఒళ్ళో పెట్టి, కాళ్ళ దగ్గర కూర్చుని ఎంతసేపో లేవలేదు. ఎస్తేరు వాడి తల నిమిరింది. చదివి వినిపించరా అంది. వాడు చదవలేకపోయాడు.

చర్చివాళ్ళకి ఇవేవీ పట్టలేదు. వాళ్ళకి కనపడింది ఒక్కటే, మార్తమ్మ ఇంట్లో తారుమారైన సరుకు చక్కబడింది. కొడుకు కొడుకులా ఉన్నాడు, కూతురు కూతురిలా ఉంది. ఎస్తేరు వెళ్తుంటే ఆడవాళ్ళు బుగ్గ పట్టుకుని, ఇప్పుడు ఎంత కళగా ఉన్నావే అనేవారు. కర్ర గురించి అడిగితే కాలు బెణికిందని మార్తమ్మ చెప్పేది. ఉద్యోగం వచ్చినందుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకోవాలని చర్చి పాస్టరు అయ్యగారే గుర్తుచేశాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఆ పొద్దున మార్తమ్మ కూతురికి పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది. ఎస్తేరు చీర వంక చూడలేదు.

"అందరూ వస్తారుగా. సాక్ష్యం చెప్పమంటారుగా. లేచి నిలబడి చెప్పు," అంది ఎస్తేరు.

"ఏం చెప్పనే?"

"నేను మూడిచ్చాను. నువ్వు తొమ్మిది తీసుకున్నావు. అంతే చెప్పు. వీళ్ళంతా నా బుగ్గ పట్టుకుంటున్నారమ్మా. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నా కాళ్ళు ఇంకోసారి పోతున్నాయి. ఒక్కళ్ళయినా, అయ్యో ఇదేం పని అనాలి. ఒక్కళ్ళంటే చాలు. నాకు ఇంకేం అక్కర్లేదు."

మార్తమ్మ స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. పరువు పోతుంది. కొట్టుకి వచ్చేవాళ్ళు గుసగుసలాడతారు. కందుకూరు సంబంధం మళ్ళీ రాదు. వాడి ఉద్యోగం మీదికి ఎవరైనా ఫిర్యాదు తీసుకెళ్తారేమో. ఇవన్నీ ఒకవైపు పెట్టింది. రెండోవైపు పెట్టడానికి కూతురు అడిగిన ఆ ఒక్క మాట తప్ప ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ఆమె నష్టమని తెలిసిన బేరానికి ఒప్పుకుంది.

నలభై మంది వచ్చారు. పాట అయింది, వాక్యం అయింది. అయ్యగారు, మన సహోదరి తన కుటుంబంలో దేవుడు చేసిన మేలు చెబుతుందని కూర్చున్నాడు. మార్తమ్మ లేచింది. చివర కుర్చీలో ఎస్తేరు తల ఎత్తి తల్లినే చూస్తోంది. ఎన్నో ఏళ్ళకి ఆమె మెడ వంచకుండా కూర్చుంది.

మార్తమ్మ అంతా చెప్పింది. విశాఖ కొండ, సూది, తరుగు, గడిలో అంకె, ఏదీ దాచలేదు. నా బిడ్డ మూడిస్తానంది, నేను అడక్కుండా తొమ్మిది తీశాను, దాని కాళ్ళు నేనే తీశాను అంది. కూర్చుండిపోయింది.

ఎవరో వెనక నుంచి అలవాటుకొద్దీ స్తోత్రం అన్నారు. అయ్యగారు లేచి గబగబా ప్రార్థన ముగించి, భోజనాలకి వెళ్దామన్నాడు.

మార్తమ్మ బిర్యానీ గిన్నె దగ్గర నిలబడింది. జనం ఒక్కొక్కరే విస్తరాకు పట్టుకుని వస్తున్నారు. ఆమె మాట అనిపించుకోవడానికి సిద్ధపడి ఉంది. తిట్టినా బాగుండునని ఉంది. వచ్చినవాళ్ళు ముక్కలు ఇంకో రెండు వెయ్యమన్నారు.

సుగుణమ్మ మాత్రం తినకుండా దగ్గరికి వచ్చి మోచేయి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. ఎస్తేరు కుర్చీ పక్కకే. సుగుణమ్మ వెనక మరో ఇద్దరు తల్లులు వచ్చారు. సుగుణమ్మ రెండో కూతురు వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. తొమ్మిదో క్లాసు చదువుతున్న పిల్ల, అప్పుడే తల్లిని మించిపోయింది.

"వదినా," అంది సుగుణమ్మ గొంతు తగ్గించి. "ఆ డాక్టరు ఫోను నంబరు ఉందా నీ దగ్గర?"

మార్తమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె కోపంగా కూడా అనలేకపోయింది. నేను చెప్పింది వినలేదా, దాని కాళ్ళు చూడండి అంది.

ఎస్తేరు తనే వంగింది. చీర అంచు పట్టుకుని మోకాలి దాకా ఎత్తింది. జారిపోయిన మేజోడులా చర్మం చీలమండ మీద మడతలు పడి ఉంది. పిక్కలో కండ లేదు, ఎముక ఎక్కడుందో వెతుక్కోవాలి. అంత చిన్న కాలి కింద అంత పెద్ద పాదం. ముగ్గురు ఆడవాళ్ళూ చూశారు. ఒకామె నాలుక చప్పరించింది. ఎస్తేరు వాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కరి వంకే చూస్తూ ఎదురుచూసింది.

సుగుణమ్మ కిందికి వంగి, ఆ అంచుని ఎస్తేరు చేతిలోంచి తీసుకుంది. జాగ్రత్తగా కిందికి దించింది. కుచ్చిళ్ళు చెదరకుండా రెండు చేతులతో సర్దింది. పాదాలు కప్పేదాకా లాగింది. లేచి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది.

"చీర కడితే ఏమీ కనపడదులే, వదినా," అంది. తర్వాత గోడ దగ్గర నిలబడ్డ పిల్ల వంక ఒకసారి చూసి, మార్తమ్మ వైపు తిరిగింది.

"మొత్తం ఎన్ని నెలలు పట్టిందన్నావు?"